ఒక్క ఓటు కోసం వెయ్యి తలుపులు

వర్జీనియాలో డెమోక్రటిక్ పార్టీ స్థానిక కమిటీలకు జీతాల్లేవు, పదవుల ఆశ లేదు, అభ్యర్థిని ఎంపిక చేసే అధికారమూ లేదు. ఉన్నదల్లా ఒక జాబితా, నడిచే ఓపిక. దాంతోనే అవి రాష్ట్ర రాజకీయాన్ని కొంత మార్చగలిగాయి. ఎంత మార్చలేవో కూడా తెలుసుకున్నాయి.

అది 2018 జనవరి 4. వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో రాష్ట్ర ఎన్నికల బోర్డు సమావేశం. టీవీ కెమెరాలన్నీ బల్ల మీదున్న నీలం, తెలుపు రంగుల పింగాణీ గిన్నె మీదే ఉన్నాయి. రాష్ట్ర లలిత కళల మ్యూజియం నుంచి అరువు తెచ్చిన గిన్నె అది. అందులో పాతకాలపు కెమెరా ఫిల్ము డబ్బాలు రెండు, ఒక్కో డబ్బాలో ఒక్కో పేరు రాసిన చీటీ. ఒక డబ్బాను పైకి తీసి, చీటీ విప్పి పేరు చదివారు: డేవిడ్ యాన్సీ. దాంతో రిపబ్లికన్ పార్టీకి చెందిన యాన్సీ గెలిచారు. డెమోక్రటిక్ అభ్యర్థి షెల్లీ సైమండ్స్ ఓడారు. అంతేకాదు, వంద స్థానాల రాష్ట్ర దిగువ సభ హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌లో బలాబలాలు 50-50 కాకుండా 51-49గా తేలాయి. పెద్దమనుషులు తగువు తీర్చలేక చీటీలు వేసినట్టు, ఒక రాష్ట్ర శాసనసభలో మెజారిటీ ఎవరిదో చీటీ తేల్చింది.

ఆ చీటీ దాకా వచ్చిన దారి ఇంకా విడ్డూరం. న్యూపోర్ట్ న్యూస్ ఓడలు కట్టే నగరం. అక్కడి 94వ నియోజకవర్గంలో 2017 నవంబర్ 7న పోలింగ్ జరిగింది. మొదటి లెక్కింపులో యాన్సీ 10 ఓట్ల తేడాతో ముందున్నారు. డిసెంబర్ 19న మళ్లీ లెక్కిస్తే సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచారు. ఆమెకు 11,608, ఆయనకు 11,607. మర్నాడు ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఒక బ్యాలెట్‌ను మళ్లీ పరిశీలించింది. ఓటరెవరో ఇద్దరి పేర్ల పక్కనా గుండ్రాలు నింపి, సైమండ్స్ దగ్గర ఒక గీత కొట్టారు. ఆ గీతకు అర్థం 'ఈమె వద్దు' అనేనని జడ్జీలు తేల్చారు. ఆ ఓటు యాన్సీ ఖాతాలో పడటంతో ఇద్దరూ సమానమయ్యారు. మిగతాది గిన్నె చూసుకుంది.

ఇద్దరికీ కలిపి 23 వేలకు పైగా ఓట్లు పడిన చోట తేడా ఒక్కటి కూడా లేదు. ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు టీవీ చర్చల్లో నాయకుల ప్రసంగాలు, ప్రకటనల ఖర్చు, అధ్యక్షుడి జనాదరణ లెక్కలోకి వస్తాయి. వీధులు తిరిగిన కార్యకర్త లెక్క వేరు. చీకటి పడిందని వదిలేసిన ఆ చివరి నాలుగిళ్లు, కుక్క అరిచిందని గేటు దాటని ఆ ఇల్లు, 'రేపు వేస్తాలే' అన్న ఆ కుర్రాడు ఆమెకు గుర్తొస్తారు. 'ఆమె' అనడానికి కారణముంది.

డొనాల్డ్ ట్రంప్ మొదటిసారి గెలిచిన 2016 నవంబర్ తర్వాత అమెరికా శివారు పట్టణాల్లో పుట్టుకొచ్చిన రాజకీయ బృందాలను చరిత్రకారిణి లారా పుట్నమ్, హార్వర్డ్ సామాజిక శాస్త్రవేత్త తెడా స్కాచ్‌పోల్ దగ్గర నుంచి పరిశీలించారు. పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాల్లో వారికి ఎక్కువగా కనిపించింది విశ్వవిద్యాలయాల విప్లవకారులు కాదు, నడివయసు దాటిన, చదువుకున్న మహిళలు. టీచర్లు, లైబ్రేరియన్లు, రిటైరైన ఉద్యోగినులు. అంతకుముందు ఓటు వేసి ఇంటికి వెళ్లిపోయినవారు. 2017 జనవరి 21న వాషింగ్టన్ మహిళా ప్రదర్శనకు వెళ్లొచ్చి, తర్వాత ఏం చేయాలని వెతుక్కున్నారు. చాలామందికి దొరికిన జవాబు ఊళ్లో నిద్రాణంగా పడివున్న డెమోక్రటిక్ పార్టీ కమిటీ.

రాజధాని వాషింగ్టన్‌కు నదికి ఆవల ఉండటం వర్జీనియాకు కలిసొచ్చిన అంశం. అంతకన్నా కలిసొచ్చింది అక్కడి ఎన్నికల క్యాలెండర్. చాలా రాష్ట్రాలు సరిసంఖ్య ఏళ్లలో శాసనసభలను ఎన్నుకుంటే వర్జీనియా బేసి ఏళ్లలో ఎన్నుకుంటుంది. ఏడాదికోసారి ఏదో ఒక ఎన్నిక తప్పదు. ట్రంప్ గెలిచిన ఏడాదికే కోపం చూపే అవకాశం అక్కడి డెమోక్రాట్లకు దక్కింది. కోపంతో పాటు అభ్యర్థులూ కావాలి కదా. అంతకుముందు చాలా నియోజకవర్గాల్లో డెమోక్రాట్లు పోటీకే దిగేవారు కాదు. గెలవలేని సీటుకు డబ్బు దండగన్నది పార్టీ పెద్దల లెక్క. 2017లో ఆ లెక్క తలకిందులైంది. పై నుంచి ఆదేశం రాకముందే కింద కమిటీలు, కొత్త బృందాలు మనుషులను వెతికి నిలబెట్టాయి. 2015లో దాదాపు 29 శాతమే ఉన్న రాష్ట్ర పోలింగ్ 2017లో 47 శాతానికి ఎగబాకింది. 2015లో గవర్నర్ పదవికి ఎన్నిక లేదు, 2017లో ఉంది. పెరుగుదలలో కొంత దాని వల్లేనని ఒప్పుకోవాల్సిందే. ఏమైనా 66-34 ఆధిక్యంతో నిశ్చింతగా ఉన్న రిపబ్లికన్ల నుంచి 15 సీట్లు ఒక్క రాత్రిలో చేజారాయి.

కార్డు లేని కార్యకర్త

మన దేశపు పార్టీ యంత్రాంగానికి అలవాటుపడిన కళ్లకు అక్కడి స్థానిక కమిటీ ఒక వింత. సభ్యత్వ నమోదు ఉద్యమాలుండవు. టికెట్ ఇప్పించే జిల్లా అధ్యక్షుడుండడు. అభ్యర్థిని పార్టీ పెద్దలు కాదు, చాలా చోట్ల ప్రైమరీ ఎన్నికలో మామూలు ఓటర్లే తేలుస్తారు. పార్టీకి విధేయుడినని ఒక సంతకం, కొద్దిపాటి చందా ఉంటే కమిటీలో చేరొచ్చు. నెలకో సమావేశం, సాధారణంగా లైబ్రరీ గదిలోనో, కమ్యూనిటీ సెంటర్‌లోనో. మినిట్స్ చదవడం, ఖజానా లెక్క, తర్వాత గంటసేపు ఎవరికీ పట్టని నియమావళి సవరణ. తొలిసారి ఉత్సాహంగా వచ్చినవారిలో సగం మంది ఈ సమావేశాల ధాటికే మళ్లీ రారంటే అతిశయోక్తి కాదు.

మిగిలినవారికి అప్పగించేది ఒక ప్రిసింక్ట్, అంటే ఒక పోలింగ్ కేంద్రం పరిధి. మన బూత్ ఇన్‌ఛార్జి లాంటి పదవే. బీజేపీ ఓటర్ల జాబితాలో ఒక్కో పేజీకి ఒక్కో 'పన్నా ప్రముఖ్'ను పెట్టడం మనవాళ్లకు తెలిసిందే. ప్రిసింక్ట్ కెప్టెన్ పనీ దానికి దగ్గరగానే ఉంటుంది. తేడా ఎక్కడంటే, మన దగ్గర కార్యకర్తకు పార్టీ ఒక ఆసరా, ఒక భవిష్యత్తు. ఇందిరమ్మ ఇల్లు, రేషన్ కార్డు, కాంట్రాక్టు, కనీసం పోలీస్ స్టేషన్లో ఒక మాట సాయం. వర్జీనియా కెప్టెన్‌కు అవేవీ ఉండవు. కారు తనదే, పెట్రోలు తనదే, మధ్యాహ్నం తినే శాండ్‌విచ్ కూడా తనదే. ఆంధ్రప్రదేశ్‌లో 'వలంటీర్' అంటే 2019లో వచ్చి, నెలకు రూ. 5,000 గౌరవ వేతనం తీసుకుని పింఛన్లు పంచిన మనిషి గుర్తుకొస్తాడు. 2024 ఎన్నికల వేళ ఆ వలంటీర్లను పింఛన్ల పంపిణీకి ఎన్నికల సంఘం దూరం పెట్టాల్సి వచ్చింది. వర్జీనియా వలంటీర్ చేతిలో పంచడానికి పింఛన్ ఉండదు, ఒక కరపత్రం మాత్రమే ఉంటుంది.

నిజానికి ఆమె చేతిలోని అసలు ఆయుధం కరపత్రం కాదు, ఫోన్. డెమోక్రాట్ల ఓటరు సమాచారమంతా 'వ్యాన్' అని పిలిచే ఒక డేటాబేస్‌లో ఉంటుంది. 2001లో మొదలైన ఆ వ్యవస్థ దేశమంతటా పార్టీకి వెన్నెముకగా మారింది. ఏ ఓటరు ఎవరికి వేశారో రహస్యమే కానీ, అసలు వేశారా లేదా అన్నది పార్టీలు సంపాదించుకోగలిగే సమాచారం. పోయిన నాలుగు ఎన్నికల్లో ఎవరు వచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు అన్నది ఫోన్ తెర మీద కనిపిస్తుంది. వర్జీనియాలో మరో చిక్కుంది. చాలా రాష్ట్రాల్లో మాదిరిగా ఓటరు నమోదు పత్రంలో పార్టీ పేరు రాయించుకునే పద్ధతి అక్కడ లేదు. ఎవరు తమవారో పార్టీకి రాతపూర్వకంగా తెలియదు. ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారు, వయసెంత, ఏ వీధిలో ఉంటారు వంటివి కలిపి కంప్యూటర్ వేసిన అంచనాయే దిక్కు. అంచనా తప్పయితే తలుపు తీసిన పెద్దాయన ముఖంలోనే తెలిసిపోతుంది.

శనివారం ఉదయం ఎవరింటి గరాజ్‌లోనో, వరండాలోనో వలంటీర్లు చేరతారు. ఒక్కొక్కరికి నలభై, యాభై ఇళ్ల 'టర్ఫ్' ఇస్తారు. వీధిలో ప్రతి ఇల్లూ తట్టరు. జాబితా 12వ నంబరు ఇంటికి వెళ్లమంటుంది, 14, 16 వదిలేయమంటుంది, 18కి మళ్లీ వెళ్లమంటుంది. 14వ నంబరు ఇంటాయన పక్కా రిపబ్లికన్ కావచ్చు. లేదా ప్రతి ఎన్నికకూ తప్పకుండా వెళ్లే డెమోక్రాట్ కావచ్చు. ఇద్దరి మీదా సమయం వృథా. కావలసింది మనసులో మనవాడై ఉండి, కాళ్లు కదపని ఓటరు. తలుపు తెరిస్తే పేరు, అభ్యర్థి, రెండు మాటలు, ఒక ప్రశ్న. జవాబును ఒకటి నుంచి ఐదు దాకా అంకెల్లో నమోదు చేస్తారు: 'ఒకటి' గట్టి మద్దతుదారు, 'ఐదు' గట్టి వ్యతిరేకి. తీయకపోతే కరపత్రాన్ని తలుపు పిడికి తగిలించి వెళ్లాలి. ఇంటి ముందరి పోస్టు డబ్బాలో పడేయడం కుదరదు. స్టాంపు లేని కాగితం అందులో వేయడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. పది తలుపులు తడితే రెండు మూడు తెరుచుకోవడమే గొప్ప. మిగతా వాటి పక్కన 'ఇంట్లో లేరు' అని నొక్కాలి.

ఇంత శ్రమకు ఫలితం ఉందా? దీని మీద రాజనీతి శాస్త్రవేత్తలు పాతికేళ్లుగా ప్రయోగాలు చేస్తున్నారు. 1998లో అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ కనెక్టికట్‌లోని న్యూ హేవెన్ నగరంలో దాదాపు 30 వేల మంది ఓటర్లను లాటరీ పద్ధతిలో విభజించారు. కొందరికి పోస్టులో కరపత్రాలు పంపారు, కొందరికి ఫోన్ చేయించారు, కొందరి ఇళ్లకు మనుషులను పంపారు. కిరాయి సంస్థల ఫోన్ కాల్స్ ఫలితమివ్వలేదు. కరపత్రాల ప్రభావం నామమాత్రం. గుమ్మంలో నిలబడి మాట్లాడినచోట మాత్రం పోలింగ్ 8 శాతం పాయింట్లకు పైగా పెరిగింది. 2000లో అచ్చయిన ఈ పరిశోధన అమెరికా ప్రచార రంగం తీరు మార్చింది. టీవీ ప్రకటనల యుగంలో పాతచింతకాయ పచ్చడనుకున్న ఇంటింటి ప్రచారం మళ్లీ పళ్లెంలోకి వచ్చింది.

దానికి జోడీగా ఇంకో పరిశోధన ఉంది. కార్యకర్తలు అంత ఇష్టంగా చెప్పుకోనిది. జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ 49 క్షేత్ర ప్రయోగాల ఫలితాలను గుదిగుచ్చి 2018లో ప్రచురించారు. సార్వత్రిక ఎన్నికల్లో కరపత్రంతోనో, ఫోన్‌తోనో, ఇంటికి వెళ్లో ఓటరు మనసు మార్చడంలో సగటు ఫలితం దాదాపు సున్నా అని తేల్చారు. రెంటినీ పక్కపక్కన పెడితే స్థానిక కమిటీ పరిధి ఏమిటో తెలుస్తుంది. రిపబ్లికన్‌ను డెమోక్రాట్‌గా మార్చడం దాని వల్ల కాదు. తన మనిషిని సోఫాలోంచి లేపడం దాని వల్ల అవుతుంది. ఉద్యమంలా మొదలైన ఉత్సాహం ఆఖరికి నిద్ర లేపే పనిగా మిగలడం కొందరికి చిన్నతనం అనిపించవచ్చు. న్యూపోర్ట్ న్యూస్‌లో కొరవడింది మాత్రం అలాంటి ఒక్క మనిషే.

రోడ్డు, ఆసుపత్రి

గుమ్మంలో ఏం మాట్లాడాలన్నదీ చిన్న విషయం కాదు. 2017లో వాషింగ్టన్ పశ్చిమ శివార్లలోని 13వ నియోజకవర్గంలో డానికా రోమ్ బరిలోకి దిగారు. స్థానిక పత్రికలో విలేకరిగా చేసిన ట్రాన్స్‌జెండర్ మహిళ. ప్రత్యర్థి బాబ్ మార్షల్ 1992 ప్రాంతం నుంచీ ఆ సీటులో పాతుకుపోయిన సంప్రదాయవాది. దేశమంతా దీన్ని సంస్కృతుల సమరంగా చూసింది. ఆమె వలంటీర్లు గుమ్మాల్లో ఎత్తిన విషయం మాత్రం రూట్ 28. ఉదయం, సాయంత్రం వాహనాలు కదలని రహదారి అది. మామూలు ఉద్యోగి రోజూ తిట్టుకునే రోడ్డు గురించి మాట్లాడితే తలుపు వెంటనే మూసుకోదు. ఆమె గెలిచారు. అమెరికా చరిత్రలో రాష్ట్ర శాసనసభలో బాధ్యతలు చేపట్టిన, తన గుర్తింపును బహిరంగంగా చెప్పుకున్న తొలి ట్రాన్స్‌జెండర్ ప్రతినిధి అయ్యారు.

రాష్ట్రం మొత్తం మీద తలుపుల దగ్గర వినిపించిన మాట మాత్రం ఆరోగ్యం. నవంబర్ 7న ఓటేసి వస్తున్నవారిని అడిగితే ప్రతి పదిమందిలో నలుగురు దాన్నే ముఖ్యాంశమన్నారు. ఒబామా హయాంలో 2010లో వచ్చిన ఆరోగ్య చట్టం పేదల వైద్య పథకమైన మెడికెయిడ్‌ను విస్తరించింది. 2012లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ విస్తరణ రాష్ట్రాల ఇష్టమైంది. వర్జీనియాలో 2014 నుంచి డెమోక్రటిక్ గవర్నర్ టెర్రీ మెకాలిఫ్ ఎంత పట్టుబట్టినా రిపబ్లికన్ శాసనసభ ఒప్పుకోలేదు. చిల్లర పనులు, గంటల కూలీ, హోటల్ కొలువులు చేసుకునే లక్షల మందికి ఈ కార్డూ రాలేదు, ఆ బీమా కొనే స్తోమతా లేకపోయింది.

చీటీలో ఓడినా లెక్క మారిపోయింది. 66 నుంచి 51కి పడిపోయిన రిపబ్లికన్ల కాళ్ల కింద నేల కదిలింది. తర్వాత తమ వంతేనని భయపడిన కొందరు రిపబ్లికన్ సభ్యులు విస్తరణకు అనుకూలంగా ఓటేశారు. కొత్త గవర్నర్ రాల్ఫ్ నార్తమ్ వృత్తిరీత్యా పిల్లల నరాల వైద్యుడు. 2018 జూన్ 7న ఆయన సంతకం చేశారు. 2019 జనవరి 1 నుంచి అమలైన ఆ విస్తరణ కిందికి దాదాపు 4 లక్షల మంది వస్తారని అంచనా. ఎవరింటి గుమ్మంలో రెండు నిమిషాల సంభాషణ ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ వెతకనక్కరలేదు. నార్తమ్‌కు 2017లో సొంతంగా 9 శాతం పాయింట్ల ఆధిక్యం వచ్చిందని, ట్రంప్ మీద ఆగ్రహం దానికి ఊపిరి పోసిందని కూడా చెప్పాలి. గాలి వీచింది. తెరచాప కట్టి ఉంచినవారికే అది పనికొచ్చింది.

అదే ఎన్నికలో ఫ్రెడరిక్స్‌బర్గ్ ప్రాంతపు 28వ నియోజకవర్గం జాబితాల విలువను మరోలా నేర్పింది. అక్కడ డెమోక్రాట్ జాషువా కోల్ 73 ఓట్ల తేడాతో ఓడారు. తీరా చూస్తే 147 మంది ఓటర్లకు అధికారులు వేరే నియోజకవర్గపు బ్యాలెట్లు ఇచ్చారని తేలింది. వీధిని ఏ నియోజకవర్గంలో కలిపారో అన్న చిన్న పొరపాటు. ఎన్నిక రద్దు కాలేదు. 2019లో కోల్ అదే సీటు గెలిచారు. సైమండ్స్ కూడా 2019లో యాన్సీని ఓడించారు. 2015లో మొదటిసారి, 2017లో చీటీతో, మూడోసారికి గెలుపు. ఈసారి కోర్టు ఆదేశంతో ఆ నియోజకవర్గపు హద్దులు మారాయి, ఆమెకు కలిసొచ్చేలా మారాయి. దాన్ని దాచి కేవలం కార్యకర్తల పట్టుదలే అంటే సగం నిజమే చెప్పినట్టవుతుంది. ఆ ఏడాది 55-45తో దిగువ సభ, 21-19తో సెనేట్ డెమోక్రాట్ల వశమయ్యాయి.

ఓటున్న కొడుకు, ఓటులేని తండ్రి

తెలుగువారికి ఈ కథలో వాటా ఉంది. డల్లెస్ విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న లౌడన్ కౌంటీలో యాష్‌బర్న్, సౌత్ రైడింగ్ వంటి చోట్ల భారతీయ కుటుంబాలు వీధులకు వీధులే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ కొలువులతో వచ్చినవారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. కార్యకర్త ఫోన్‌లోని జాబితాకు మాత్రం వీరిలో చాలామంది కనిపించరు. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఓటు లేదు. గ్రీన్‌కార్డు వచ్చినా పౌరసత్వం దాకా ఓటు లేదు. భారతీయులకు గ్రీన్‌కార్డు క్యూ ఎంత పొడవో ప్రవాసుల ఇళ్లన్నింటికీ తెలిసిందే. ఇల్లు కొని, ఆస్తిపన్ను కడుతూ పదిహేనేళ్లు గడిపిన తండ్రి పేరు జాబితాలో ఉండదు, అక్కడే పుట్టి పద్దెనిమిది నిండిన కొడుకు పేరు ఉంటుంది. తలుపు తట్టిన వలంటీర్ తండ్రిని దాటి కొడుకును పిలవమంటుంది. కొడుకేమో చదువుకోవడానికి వేరే ఊళ్లో ఉంటాడు.

ఓటు లేకపోయినా చేయదగ్గ పని ఒకటుంది. జీతం తీసుకోనంత వరకు విదేశీయులు కూడా ప్రచారంలో వలంటీర్లుగా పనిచేయవచ్చు. విరాళం మాత్రం పౌరులు, గ్రీన్‌కార్డుదారులే ఇవ్వాలి. గుడి కార్యక్రమాలు, తెలుగు సంఘాల ఉగాది సంబరాలు చూసుకునే చేతులకు జనాన్ని పోగేయడం కొత్త విద్య కాదు. పార్టీల పేరెత్తితే సంఘం చీలుతుందన్న జంకు మాత్రం గట్టిది. తెలుగువారంతా ఒకే వైపు ఉన్నారనుకోవడమూ పొరపాటే. 2025లో ఉపాధ్యక్షుడైన రిపబ్లికన్ జేడీ వాన్స్ భార్య ఉషా చిలుకూరి తెలుగు దంపతుల బిడ్డ.

లౌడన్ నుంచి 2019లో భారతీయ మూలాలున్న సుహాస్ సుబ్రమణ్యం దిగువ సభకు గెలిచారు. 2023లో రాష్ట్ర సెనేట్, 2024లో అమెరికా కాంగ్రెస్ దాకా ఎదిగారు. 2019లోనే రిచ్‌మండ్ శివార్లలోని 10వ సెనేట్ స్థానంలో గజాలా హష్మీ రిపబ్లికన్ సభ్యుడిని ఓడించారు. ఆమె పుట్టింది హైదరాబాద్‌లో. నాలుగేళ్ల వయసులో జార్జియాకు వెళ్లి, తర్వాత వర్జీనియాలో కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లీషు బోధించారు. 2017లో కొన్ని ముస్లిం దేశాలవారి రాకను ట్రంప్ నిషేధించడం తనను రాజకీయాల్లోకి నెట్టిందని ఆమె చాలాసార్లు చెప్పారు. అంతకుముందు ఏ పదవీ లేదు. పొరుగు రాష్ట్రం మేరీల్యాండ్‌లో 2022లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికైన అరుణా మిల్లర్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవారే.

హష్మీ లాంటి అభ్యర్థికి పేరే మొదటి అడ్డంకి. గుమ్మంలో ఆ పేరును సరిగ్గా పలికి, 'మన కాలేజీలో పాఠాలు చెప్పిన టీచరమ్మ' అని పరిచయం చేసే పొరుగింటి మనిషి ఉంటే ఆ అడ్డంకి సగం తొలగుతుంది. టీవీ ప్రకటన చేయలేని పని ఇదే.

2021లో దెబ్బ పడింది. అంతకుముందు ఏడాది కరోనా భయంతో డెమోక్రాట్లు దేశమంతటా చాలావరకు తలుపులు తట్టడం మానేశారు, రిపబ్లికన్లు మానలేదు. 2021కి మళ్లీ వీధుల్లోకి వచ్చేసరికి లౌడన్‌లో మాట మారిపోయింది. నెలల తరబడి బడులు మూతపడటం, పాఠాల్లో ఏముండాలన్న వివాదం, స్కూల్ బోర్డు సమావేశాల్లో గొడవలు. బడిలో ఏం చెప్పాలో తల్లిదండ్రులు నిర్దేశించనక్కరలేదన్న అర్థం వచ్చేలా మెకాలిఫ్ ఒక చర్చలో మాట జారారు. 2020లో బైడెన్‌కు 25 శాతం పాయింట్ల ఆధిక్యం ఇచ్చిన కౌంటీ మెకాలిఫ్‌కు 11 మాత్రమే ఇచ్చింది. రాష్ట్రంలో రిపబ్లికన్ గ్లెన్ యంగ్‌కిన్ దాదాపు 2 పాయింట్లతో గెలిచారు, దిగువ సభ కూడా రిపబ్లికన్లకే దక్కింది. అవే కమిటీలు, అవే జాబితాలు, అవే కాళ్లు. పిల్లల బడి గురించి గుమ్మంలో అడిగిన ప్రశ్నకు ముద్రించిన కరపత్రంలో జవాబు లేదు. తలుపుల దగ్గర విన్నది పైకి చేర్చే దారి పార్టీలో ఉందా అన్నది అప్పటి నుంచీ కమిటీల్లో నలుగుతున్న ప్రశ్న. డేటాబేస్‌లో ఒకటి నుంచి ఐదు దాకా అంకెలకు చోటుంది. 'ఎందుకు' అన్నదానికి ఉన్న చోటు చాలా ఇరుకు.

2023లో 51-49తో దిగువ సభ మళ్లీ డెమోక్రాట్ల వైపు వాలింది. ట్రంప్ రెండోసారి వచ్చాక 2025లో ఫెడరల్ ఉద్యోగాల కోత, అక్టోబర్ నుంచి ప్రభుత్వ కార్యాలయాల మూసివేత ఉత్తర వర్జీనియా ఇళ్లను నేరుగా తాకాయి. ఆ నవంబర్‌లో ఎబిగైల్ స్పాన్‌బర్గర్ గవర్నర్‌గా, గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. అమెరికాలో రాష్ట్రమంతా ఓటేసే పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ హష్మీయే. దిగువ సభలో డెమోక్రాట్లకు 64 సీట్లు వచ్చాయి. ఎనిమిదేళ్ల కింద ఒక చీటీ కోసం ఊపిరి బిగబట్టిన సభ అది.

పోలింగ్ రోజు పని మాత్రం ఏ ఏడాదైనా ఒకటే. ఉదయం 6 గంటలకు కేంద్రం తెరవక ముందే కమిటీ మనిషి బల్ల వేసుకుంటుంది, తలుపుకు 40 అడుగుల అవతల. ఆ హద్దు లోపల ప్రచారం నిషేధం. చేతిలో తెలుపు కాని రంగు కాగితం మీద ముద్రించిన నమూనా బ్యాలెట్లు. వర్జీనియాలో కౌంటీ బోర్డు, స్కూల్ బోర్డు వంటి పదవులకు బ్యాలెట్‌లో అభ్యర్థి పార్టీ పేరు ఉండదు. ఆ కాగితం లేకపోతే ఎవరు ఎవరో ఓటరుకు తెలియదు. 2020 నుంచి 45 రోజుల ముందే ఓటేసే వీలు రావడంతో ఈ బల్ల ఒక్క రోజుది కాకుండా ఆరు వారాలదైంది. రిటైరైనవారు ఎక్కువగా ఉన్న కమిటీల్లో వంతులు వేసుకోవడమే ఒక యజ్ఞం.

సాయంత్రం 7 గంటలకు తలుపులు మూస్తారు. అప్పటికే వరుసలో ఉన్నవారికి ఓటు హక్కు ఉంటుంది. బల్ల మడిచి, రోడ్డు పక్కన పాతిన పేర్ల అట్టలు పీకి, ఎవరి గరాజ్‌లోనో సర్దాలి. వైరు ఫ్రేములు వచ్చే ఏడాదికి పనికొస్తాయి. ఫోన్‌లో 'ఇంట్లో లేరు' అని నమోదైన తలుపులు అలాగే ఉంటాయి. వచ్చే వేసవిలో ఇంకెవరి జాబితాలోనో ఆ ఇళ్ల నంబర్లు మళ్లీ కనిపిస్తాయి.